ఊకున్న

రిబ్కా నీలం రుమాలును ముక్కూ నోరూ కప్పేలా బిగించుకుని, తెగిన నూలుపోగుకు ముడివేసి, కండెల యంత్రాన్ని మళ్లీ తిప్పింది. భివండి నాగావ్‌లోని ఆ షెడ్డులో సాంచాలు, ఆ కరెంటు మగ్గాలు, నడుస్తుంటే మనిషి గొంతు మనిషికి వినపడదు. పిలవాలంటే భుజం తట్టాలి. నూలు కోసి కోసి ఆమె వేలికొసలు మొద్దుబారాయి. కనుబొమల మీద ఎప్పుడూ తెల్లటి దూది నూగే.

మధ్యాహ్నం కోర్టులో తీర్పు. అయినా పొద్దున్నే పనికొచ్చింది. ఇంట్లో కూర్చుంటే గోడలు చూడటం తప్ప చేసేదేముంది?

రెండేళ్ల కిందట పని చూసే ముకద్దం నూలు గదిలోకి ఆమెను నెట్టి, తానూ లోపలికొచ్చి తలుపు వేశాడు. అరిచింది. గోడ అవతల సాంచాలు. మెడ మీది చెయ్యి బిగుసుకున్నాక అరవడం మానేసింది. ఇంటికెళ్లి, షెడ్డు నుంచి వచ్చిన ప్రతి ఆడమనిషీ చేసే పనే చేసింది, ఒళ్లు రుద్దుకుని స్నానం. పక్కింటి రామవ్వకు అంతా చెప్పుకుంది. మర్నాడు రామవ్వే పోలీసుల దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరుకు గాయాలేవీ కనపడలేదు.

కోర్టులో అసలు తంటా ఒక్క మాటతో వచ్చింది. "అరిచి అరిచి ఊకున్న" అంది రిబ్కా. ఆమె తెలుగును మరాఠీలో చెప్పిన సిద్ధార్థ భివండిలో పుట్టి మరాఠీ బడిలో చదివినవాడు. ఊకున్న అంటే ఊఁ అన్నానని అనుకున్నాడు. నోరు మూసుకున్న మనిషి కాగితం మీద సరేనన్న మనిషైంది. అవతలి లాయరుకు ఇంకేం కావాలి? గాయాల్లేవు, పైగా సరేనన్నానని ఆమే చెప్పిందన్నాడు.

మాట తప్పుగా మారిందని తెలిసి ప్రభుత్వ లాయరు పట్టుబట్టి ఆమెను మళ్లీ బోనెక్కించాడు. ఊకోవడమంటే ఏమిటని జడ్జమ్మ స్వయంగా అడిగింది. రిబ్కా చెప్పలేక, చేసి చూపింది. పెదవులు మూసి, చేతులు కిందికి వదిలేసి, అందరి ముందూ అలా నిలబడింది. అది తల్చుకుంటే ఇప్పటికీ ఆమెకు ఒళ్లు మండుతుంది.

రుమాలు విప్పి మేకుకు తగిలించి కోర్టుకు వెళ్లింది.

జడ్జమ్మ తీర్పు చదువుతుంటే సిద్ధార్థ ఈసారి ఒక్కో మాటా ఆచితూచి చెప్పాడు.

"అక్కా, గాయాల్లేకుంటె జబర్దస్తీ కాలేదని కాదట. నువ్వు రామవ్వకు చెప్పింది, ఈడ చెప్పింది ఒక్కతీరుగనే ఉందట. నీ మాట నమ్మిన్రు. ఊకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదట. వాడు దోషి." చేతులు జోడించి, "నన్ను మాఫ్ చెయ్యక్కా" అన్నాడు.

రిబ్కాకు ఏడుపొచ్చింది. సంతోషమో అలసటో ఆమెకే తెలియలేదు.

సాయంత్రం షెడ్డు గేటు దగ్గర యజమాని రాజలింగం ఎదురొచ్చాడు.

"అయిందేదో అయింది చెల్లె. నీ పని నీకు పక్కా. గీ ముచ్చట మాత్రం లోపలి ఆడోళ్లతోని తియ్యకు, ధంధా ఖరాబైతది. జర ఊకో."

మెల్లగానే అన్నాడు. నిజానికి మంచివాడే. ఈ పని పోతే ఇంకో షెడ్డు వెతుక్కోవాలని ఆమెకూ తెలుసు.

"ఊకుంటె ఊఁ అన్నట్టు రాస్తరే అన్నా" అంది. "ఇగ ఊకోను."

గేటు దాటకుండానే వెనుదిరిగి, సాంచాలున్న ఇంకో పేట టెంఘర్‌కు ఆటో ఎక్కింది. మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. టెంఘర్‌లో ఎక్కడో పనికి కుదిరిందని రామవ్వ చెప్పింది.

కండెల యంత్రం పక్కన మేకుకు నీలం రుమాలు ఇంకా వేలాడుతోంది, నోరు ఆనిన చోట మరక కట్టి, మీద దూది నూగు పట్టి.