పేలని సూది

బెల్లంపల్లి గనుల్లో ఎల్లేశం పేరు చెబితే బండ కూడా పక్కకు జరుగుతుందనేవాళ్లు. అలా అనేవాళ్లలో మొదటివాడు ఎల్లేశమే అనుకోండి, అది వేరే సంగతి. బొగ్గు గోడకు డ్రిల్లు మిషనుతో బొక్కలు కొట్టడం అతని పని. వాటిలో పేలుడు మందు కూరి పేలిస్తే బొగ్గు రాలుతుంది. ఆ మిషనును ఏళ్ల తరబడి భుజంతో నెట్టీ నెట్టీ, ఎనభైల్లో ఒక ఎండాకాలం అతని కుడి రెక్క మొరాయించింది. భుజం దాకా లేచేది. అక్కణ్ణుంచి పైకి రమ్మంటే ససేమిరా అనేది.

కంపెనీ డాక్టరు తేల్చి చెప్పేశాడు. సోమవారం నాటికి చెయ్యి తల మీదికి లేస్తే గనిలోకి పోవచ్చు, లేవకపోతే పైన ఆఫీసులో ప్యూను పని. ఆ ఆఫీసులో గుమాస్తా ఎవరయ్యా అంటే సొంత బామ్మర్ది పర్శరాములు. తన పెళ్లినాటికి ఇంకా పిల్లాడు, లాగు జారిపోతుంటే తాను ఎగదోసిన పర్శరాములు! వాడు గంట కొడితే తాను ఉరకాలి. దానికన్నా గని కప్పు కూలి మీద పడటమే నయమనిపించింది ఎల్లేశానికి.

పర్శరాములు మంచివాడు, చిక్కంతా అక్కడే. "నువ్వేం ఫికర్ చెయ్యకు బావా. నా పక్కపొంటే కుర్సీ ఏపిస్త," అని రోజూ వచ్చి ఓదార్చేవాడు. ఆ ఓదార్పుకు రెక్క ఇంకింత బిగుసుకునేది.

భార్య దుర్గవ్వ నూనె మర్దన చేసింది, ఉప్పు కాపడం పెట్టింది. ఏదీ పని చెయ్యక, ఆదివారం పొద్దున తమ్ముడు పర్శరాముల్ని తోడు తీసుకుని, బజార్లో కొత్తగా పెట్టిన జానకీబాయి దవాఖానకు మొగుణ్ణి లాక్కుపోయింది. జానకీబాయి పెద్దపల్లి దిక్కు దొరల బిడ్డ. కండల నొప్పులకు సూదులు గుచ్చే విద్య కలకత్తాలో నేర్చుకొచ్చింది.

"ఇండ్ల మందేది డాక్టరమ్మా?" సన్నటి సూదిని చూసి ఎల్లేశం అడిగాడు.

"మందుండదు. ఒట్టి సూదే."

"మందు లేంది సూదేందమ్మా! ఒట్టి బొక్క కొట్టి ఊకుంటే బొగ్గు రాల్తదా?"

"నీ కండ గడ్డలు కట్టింది ఎల్లేశం. సూది గా గడ్డకు తాకంగనే కండ ఒక్కసారి ఎగిరి పడ్తది. ఎగిరిందంటే వదులైనట్టే."

ఎల్లేశం మొహం వెలిగింది. "గట్ల చెప్పు మరి! బొక్క కొట్టుడు, పేల్చుడు. గిది మా పనే గదా!"

అక్కడే వచ్చింది తంటా. మొదటి సూది దిగింది, కండ టక్కున ఎగిరింది. "ఒకటి!" అని అరిచాడు. గనిలో అంతే, కొట్టిన బొక్కలన్నీ పేలాయో లేదో చెవితో లెక్కపెట్టుకోవాలి. రెండోది ఎగిరింది, మూడోదీ ఎగిరింది. నాలుగోది దిగింది. ఎల్లేశం ఊపిరి బిగబట్టాడు. కండలో ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"గిది తాకలే. తీసి ఇంకోతాన పెడ్త," అంటూ జానకీబాయి చెయ్యి చాపింది.

"ముట్టకు!" గది దద్దరిల్లింది. "పేలని బొక్క జోలికి పోతే మనుషులు మిగలరు డాక్టరమ్మా!"

పేలకుండా మిగిలిన బొక్కను గనిలో ఎవరూ ముట్టరు. అందర్నీ దూరం పంపి, దారికి ఎర్రజెండాతో కాపలా పెట్టి, కాసేపాగి పక్కనే ఎడంగా ఇంకో బొక్క కొట్టి పేలుస్తారు. తొందరపడి ముట్టినవాళ్లు ఏమయ్యారో ఎల్లేశం కళ్లారా చూశాడు. ఇది సూది అని బుద్ధికి తెలుసు, ఒళ్లు వింటేనా?

"జరుగుండ్రి, జరుగుండ్రి!" ఆ కేకకు బయట కూర్చున్న ముసలమ్మలు మోకాళ్ల నొప్పులు మరిచి రోడ్డు దాకా ఉరికారు. పర్శరాములు మెడలో ఎర్ర తువ్వాల ఉంది. "దాన్ని పట్టుకొని దర్వాజకాడ నిలబడు. నేను చెప్పేదాంక పిట్టను గూడ రానియ్యకు!" అన్నాడు ఎల్లేశం. గుమాస్తాగారు కిక్కురుమనకుండా పోయి నిలబడ్డాడు.

"నా ఇజ్జత్ తీస్తివి గదయ్యా!" దుర్గవ్వ నెత్తి కొట్టుకుంది. "సూది పేలుడేంది? నీ తలకాయ పేల!"

జానకీబాయికి నవ్వు పొంగుకొచ్చింది. కానీ అతని నుదుటి మీద చెమట చూసి ఆపుకుంది. "మరి గనిల ఏం చేస్తరు?"

"పక్కపొంటి ఇంకోటి కొట్టాలె."

"కొడ్త. నువ్వు కదలకు."

రెండు వేళ్ల ఎడంలో కొత్త సూది దించింది. భుజం భుజమంతా ఎగిరి పడింది. ఆమె సూదులన్నీ చకచకా లాగేసింది.

"పేలిందీ!" ఎల్లేశం లేచి రెండు చేతులూ పైకెత్తాడు.

"ఓ అయ్యా... నీ చెయ్యి!" అంది దుర్గవ్వ.

పైకి చూశాడు. తన చెయ్యే! ఎడమది దించాడు, కుడిది దించలేదు.

"ఇగ దించు," అంది డాక్టరమ్మ.

"దించ. దించినంక మళ్ల లేవకపోతే? రేపటిదాంక గిట్లనే ఉంచుత."

ఉంచాడు మహానుభావుడు! చెయ్యెత్తుకునే బజారెంట నడిచాడు. బెల్లంపల్లిలో చెయ్యెత్తి నడిచేవాడు యూనియన్ మనిషి కాక ఇంకెవరు? కిరాణా కొట్టు దగ్గర ఎవరో "జిందాబాద్!" అన్నారు. ఇంకో నలుగురు కలిశారు. పక్కన పర్శరాములు చేతిలో ఎర్ర తువ్వాల ఉండనే ఉంది. ఇల్లు చేరేసరికి వెనక జులూసు తయారైంది. దేనికోసమని ఒక్కరూ అడగలేదు.

దుర్గవ్వ తలుపేసింది. ఎల్లేశం చెయ్యెత్తే గోడకానుకున్నాడు.

"భయమైతుందే," అన్నాడు మెల్లగా. పెళ్లయిన నాటినుంచి ఆ మాట అతని నోట ఆమె వినలేదు.

"నాకు రోజూ అయితది," అంది. "నువ్వు గనిలకు దిగినప్పటిసంది ఎక్కొచ్చేదాంక."

"మరి దవాఖానకెందుకు గుంజుకపోయినవే?"

"గని లేకుంటె నువ్వు నువ్వు గావు గదయ్యా. నీ మొఖం చూడలేక గుంజుకపోయిన."

దగ్గరికొచ్చి ఆ చేతిని రెండు చేతులా పట్టుకుని కిందికి దించింది. "ఇగ లేపు."

ఎల్లేశం కళ్లు మూసుకుని లేపాడు. లేచింది.

దుర్గవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని అటు తిరిగింది. "రేపు గనిలకు కట్టే సద్దిల ఏం కూర పెట్టాలె?" అని అడిగింది.