లైట్లు ఆర్పని నాటకం

రాజేందర్‌కు ఏడుపు తొందరగా వస్తుంది. జగిత్యాల జూనియర్ కాలేజీలో చరిత్ర పాఠం చెప్పే ఈ సారు, రాజ్యం ఏదైనా కూలిపోయే ఘట్టం రాగానే బోర్డు వైపు తిరిగి కళ్లు తుడుచుకుంటాడని పిల్లలందరికీ తెలుసు. అలాంటి మనిషి వేసవి సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి నాటక శిక్షణ తీసుకుని, ప్రేక్షకుణ్ణి ఏడవనివ్వకూడదనే సిద్ధాంతంతో తిరిగొచ్చాడు.

"సూసేటోడు కథల మునిగిపోతే ఆలోచించడు. గిది నాటకమే అని మధ్యమధ్యల యాది జేస్తుండాలె," అని భార్య ఉమారాణికి చెప్పాడు.

"ముందుగాల మీరు మునగకుంటే సాలు," అందామె మెంతికూర తెంపుకుంటూ.

నాటకం పేరు 'విజిట్ వీసా'. ఎల్లేశం అనేవాడు ఏజెంటు మాట నమ్మి దుబాయ్ పోతాడు. తనకిచ్చింది పని వీసా కాదని అక్కడికి పోయాక తెలుస్తుంది. జైలు పాలై ఇంటికి వస్తాడు. ఎల్లేశంగా రాజేందర్ పాత విద్యార్థి చందు, భార్యగా సిరిసిల్ల ప్రైవేటు స్కూలు టీచరు మాధవి, ఏజెంటుగా మస్కట్ నుంచి తిరిగొచ్చి వెల్డింగ్ షాపు పెట్టుకున్న జలపతి. తెర ఉండదు. వేషాలు అందరి ముందే మారుస్తారు. హాల్లో లైట్లు ఆర్పరు. ప్రతి రంగానికి ముందు, అందులో ఏం జరగబోతోందో అట్టమీద రాసి చూపిస్తారు.

మొదటి ప్రదర్శన సిరిసిల్లలో, నేత కార్మికుల సంఘం హాల్లో. మాధవి అట్ట ఎత్తింది: 'ఈ రంగంలో ఎల్లేశం మోసపోతాడు.'

ముందు వరుసలో కూర్చున్న బాలయ్య బిగ్గరగా చదివి, పక్కనున్నవాళ్ల వైపు తిరిగాడు. "ముందే జెప్పినంక ఇగ సూసుడెందుకు? పాండ్రి, చాయ్ తాగొద్దాం." ఆ వరుస సగం ఖాళీ అయింది.

ఇంకొకాయన, పాపం, లైట్లు ఆర్పడం మరిచిపోయారనుకుని తనే లేచి స్విచ్చి కట్టేశాడు. రాజేందర్ పరుగున వెళ్లి వేశాడు. ఆయన మళ్లీ కట్టేశాడు. రాజేందర్ మళ్లీ వేశాడు.

"ఏంది సార్, పిలగాని లెక్క స్విచ్చుతోని ఆడుతున్నవ్?" అన్నాడాయన. ఆ సాయంత్రం హాలు మొత్తం నవ్వింది అప్పుడొక్కసారే.

తిరుగు ప్రయాణంలో రాజేందర్ తనను తానే ఓదార్చుకున్నాడు. "ఏమైతేంది, ఒక్కలన్న కథల మునగలే."

"మునుగుటానికి హాల్ల ఉండాలె గద సార్," అన్నాడు జలపతి.

రెండోది కోరుట్లలో, ఆదివారం మధ్యాహ్నం. వచ్చినవాళ్లలో ఎక్కువమంది గల్ఫ్‌కు పోయినవాళ్ల భార్యలు. నాటకం నడుమ మాధవి ఏడుపు ఠక్కున ఆపి, కొంగు సర్దుకుని ముందుకొచ్చి అడిగింది. "గిది గిట్లనే జరగాల్నా? ఎవలేం జేస్తే ఆగుతది?"

ఒకామె, "వీసా కాయిదం ఎవలతోనన్న సదివిచ్చుకోవాలె," అంది. "విమానం ఎక్కే పొద్దు చేతుల వెడితే ఎప్పుడు సదివిస్తవ్?" అని మరొకామె. హాలు వాదనలో పడింది. రాజేందర్ ఒళ్లు పులకరించింది. ఇదే కదా తనకు కావలసింది!

అప్పుడు వెనకనుంచి ఒకామె లేచింది. "నా పేరు రాజలక్ష్మి. మా ఆయన గూడ ఏజెంటే."

అందరూ వెనక్కి తిరిగారు.

"మీ నాటకంల ఏజెంటు నవ్వుకుంట వచ్చిండు, నవ్వుకుంట పోయిండు. మా ఇంట్ల గట్ల లేకుండె. పంపుమని మా అరుగు మీద కూసున్నది మీరే. వీసాలు దెచ్చే బొంబాయి సేటు ఇచ్చిన కాయిదం మా ఆయనకు గూడ సదువరాదు. గది నాటకంల ఏది?"

ప్రేక్షకుడు ఇంతకన్నా బాగా ఆలోచించడం ఏ శిక్షణలోనూ చూపించలేదు. కానీ రాజేందర్ ఒక్క గంతులో వేదికెక్కాడు. "సదువరానోడు మందిని ఎట్ల పంపుతడమ్మా? మా అన్న జైల్ల వడ్డడు! గట్లాంటి దొంగనే మా అన్నను..." కన్నీళ్లు కారిపోయాయి.

నాటకం తన అన్న కథేనని అతను నటులకు కూడా చెప్పలేదు.

మాధవి చివరి రంగం కోసం ఉంచిన అట్ట తీసి, ప్రేక్షకులకు కాకుండా అతని ముఖానికి ఎదురుగా పట్టుకుంది: 'కోపం వద్దు. కారణం వెతకండి.'

హాలు గొల్లున నవ్వింది. రాజేందర్ మెట్లమీద కూలబడి ముఖం దాచుకుందామని చూశాడు. తెర లేదు, లైట్లు ఆర్పలేదు. తన సిద్ధాంతం పుణ్యమా అని ఆ దృశ్యం ఒక్కరికీ తప్పిపోలేదు.

"మీ అన్నను పంపింది మా ఆయన గాదు గని," అంది రాజలక్ష్మి మెల్లగా, "మీరు తిట్టుడు తప్పు గాదు. నేను అడుగుడు గూడ తప్పు గాదు."

"మల్లొకపారి ఏస్త," అని జలపతి ఏజెంటు చొక్కా మళ్లీ తొడుక్కున్నాడు. ఈసారి నవ్వలేదు. పాస్‌పోర్టులు బల్లమీద పెట్టి, అవతల ఎవరూ ఎత్తని ఫోను చేస్తూ చెమట తుడుచుకున్నాడు. అప్పుడు చందు, నాటకంలో లేని మాట అడిగాడు. "అన్నా, గా కాయిదం నువ్వన్న సదివినవా?"

జలపతి బల్లమీది కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. హాల్లో ఎవరూ ఏడవలేదు, నవ్వలేదు.

మూడో ప్రదర్శన జగిత్యాలలో. ఉమారాణి ఎవరికీ చెప్పకుండా ఫోన్ చేసి, వెల్గటూర్ నుంచి బావగారిని, అంటే రాజేందర్ అన్న రాజును, పిలిపించింది. రాజు చివరి వరుసలో పల్లీలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. రాజేందర్ నాటకం చూడలేదు, అన్ననే చూశాడు. కన్నీటి జాడ లేదు. పైగా జైలు రంగంలో ఫక్కున నవ్వాడు.

నాటకం అయ్యాక అన్నను బండి మీద ఊరికి తీసుకుపోతూ, ఉండబట్టలేక అడిగాడు. "నవ్వినవేందన్నా?"

"జైల్ల ఉక్క ఉండది తమ్మీ. గడ్డకట్టే ఏసీ. దుప్పటి కోసం కొట్లాడుకుంటుంటిమి. మీ చందుగాడు చెమట తుడుసుకుంటుంటే నవ్వు రాదా?"

"గిన్నేండ్లు నాకెందుకు చెప్పలే?"

"మొదలు వెట్టంగనే నువ్వేడుస్తవ్. ఇగ నిన్ను ఊకోబెట్టుడే నా పనైతది."

రాజేందర్‌కు కళ్లు మండాయి. పురుగు పడిందని చెప్పుకోవచ్చు గానీ, చెప్పలేదు. బండి కొంచెం నెమ్మది చేశాడు.

"ఇంకేం తప్పులున్నయన్నా నాటకంల?"

"బండి పక్కకు ఆపు," అన్నాడు రాజు. "శానున్నయి."