ముందే ఖాళీ అయిన కప్పు

లోర్నా కాఫీ రెండో గుక్క మింగలేదు. నోట్లోనే ఆగిపోయింది.

కప్పు. నిన్న మధ్యాహ్నం కప్పు ముందే ఖాళీ అయింది.

బాబాయ్ వర్జిల్‌ది తాతల కాలపు తుపాకి, కిందున్న లివరు తోసి లాగితే తూటా ఎక్కే రకం. వయసులో బిట్టర్‌రూట్ కొండలకి అక్కలా ఉంటుంది. తూటాలో మందు కాస్త ఎక్కువైనా తట్టుకోలేదు, చేతిలోనే పేలిపోతుంది. అందుకే వాళ్లు తూటాలు ఇంట్లోనే నింపుకుంటారు, చెంచాడు మందుతో. చిక్కేంటంటే, తూటాకి వాడే ఇత్తడి గొట్టం పెద్దది. రెండు చెంచాలు పోసినా నిండదు. అందుకని బాబాయ్ ఒక పద్ధతి పెట్టాడు. ఇరవై గొట్టాలు నింపాలంటే ముందు ఇరవై చెంచాల మందు కొలిచి కప్పులో పోసుకోవాలి. గొట్టాలూ మందూ ఒకేసారి అయిపోవాలి.

నిన్న లోర్నా ఇరవై గొట్టాలు నింపుతుంటే మధ్యలో ఫోన్ మోగింది. వేట మొదటిరోజు విందుకి 'ఆపిల్ పై' వంటకం ఎవరు తెస్తారన్న దానిమీద పక్కింటి డెల్ఫీన్ నలభై నిమిషాలు వాదించింది. లోర్నా తిరిగొచ్చి మళ్ళీ నింపింది. చివరికి కప్పు ఖాళీ, గొట్టం ఒకటి మిగిలింది. తనే తక్కువ కొలిచి ఉంటుందనుకుని డబ్బాలోంచి ఇంకో చెంచా పోసేసింది. అన్నిటికీ గుండ్లు బిగించేసింది.

అంటే ఏదో ఒకదాంట్లో రెండు చెంచాలు పడ్డాయి.

తూటాల పెట్టె తెరిచింది. పదిహేనున్నాయి. అయిదు తీసుకుని బాబాయ్ తెల్లారకుండానే కొండెక్కేశాడు. అక్కడ ఫోన్ పనిచేయదు.

గుండ్లు ఊడదీసే సుత్తి జేబులో పడేసుకుని ట్రక్కెక్కింది. ఒక కాలికి బూటు, ఒక కాలికి ఇంటి చెప్పు. దారిలో గుంతలన్నీ తనకోసమే తవ్వినట్టున్నాయి. ఒకదాంట్లో పడితే తల పైకప్పుకి తగిలి పక్కకి ఒరిగింది, ఇంకోదాంట్లో పడితే మళ్ళీ సరిగ్గా కూర్చుంది. దిగి రాళ్లమీద పరిగెత్తింది.

బాబాయ్ బండ వెనక మోకాలిమీద ఉన్నాడు. తుపాకి చెంపకి ఆనింది. దిగువన పొదల్లో కొమ్ముల జింక. ఆ కొమ్ములమీద పదిమంది బట్టలారేసుకోవచ్చు.

"బాబాయ్! కాల్చొద్దు!"

ఆయన తల తిప్పలేదు. "పోవే!" అన్నాడు పళ్ల సందుల్లోంచి.

తప్పు ఆయనది కాదు. పోయినేడు లోర్నా చెక్కజింకని పొదలో నిలబెడితే ఆయన గంటసేపు ఊపిరి బిగబట్టి దానికోసం పాకాడు. ఊరంతా నవ్వింది. అప్పట్నించీ ఆమె వానొస్తోందన్నా బయటికెళ్లి చెయ్యి చాపి చూసుకుంటాడు.

ఆయన వేలు ట్రిగ్గరుమీదకి జరిగింది.

లోర్నా చెప్పు ఊడదీసి పొదల్లోకి విసిరింది. కొమ్మలు ఫటఫటలాడాయి. జింక ఒక్క గెంతులో మాయం.

బాబాయ్ మెల్లిగా లేచాడు. "ఏడేళ్లు," అన్నాడు. "ఏడేళ్లుగా దానికోసం తిరుగుతున్నా. నీకు చెప్పు విసరడానికి ఇదే దొరికిందా?"

"తూటాలో మందు ఎక్కువుంది బాబాయ్!"

"ఆహా. నా టోపీలో ఎలుగుబంటి కూడా ఉందా?" ఎదురుగా ఉన్న మొద్దుకి తుపాకి గురిపెట్టాడు. "చూస్కో, ఇప్పుడే తేల్చేస్తా."

"కప్పు ముందే అయిపోయింది! ఒక గొట్టం మిగిలిపోయింది! డబ్బాలోంచి తీసి పోశాను!"

బాబాయ్ ఆగాడు. అలాంటి సంగతి కల్పించి చెప్పాలని ఎవరికీ తోచదు. తుపాకి దించాడు. లివరు తోశాడు, లాగాడు, తోశాడు. అయిదు తూటాలూ గడ్డిలో పడ్డాయి.

బండమీద కూర్చుని సుత్తి అందుకున్నాడు. దాని బోలు తలలో తూటా పెట్టి బండకేసి కొట్టి, ఊడిన మందు బండమీద వంపాడు. ఒకటి. చెంచాడు మందే. రెండు. అంతే. మూడు. అంతే.

"ఏవే," అన్నాడు, "ఎక్కడే నీ..."

నాలుగోది కొట్టాడు. మందు పడుతూనే ఉంది. పక్క కుప్పకి రెండింతలైంది.

మొదట అనుమానంగా లోర్నా మొహంలోకి చూశాడు, "ఇదీ నీ పనేనా?" అన్నట్టు. ఆమె గడ్డం వణుకుతోంది. కళ్లు నిండిపోయాయి. ఇంత బాగా నటించడం దానికి రాదని ఆయనకి తెలుసు.

అయిదోదాన్ని సుత్తిలో పెట్టబోయాడు. రెండుసార్లు జారి గడ్డిలో పడింది. మూడోసారి పక్కన పెట్టేశాడు.

"చెప్పు వెతుక్కో," అన్నాడు. "వెళ్దాం. పెట్టెలో ఉన్న పదిహేనూ ఊడదియ్యాలి."

ట్రక్కులో కూర్చున్నాక బాబాయ్‌కి తాళంచెవి సందులోకి పోవట్లేదు. గీసుకుంటోంది, జారిపోతోంది.

"నేను నడపనా?" అంది లోర్నా.

"నీ చేతులు చూసుకున్నావా?"

చూసుకుంది. ఒళ్లో పెట్టుకుని మోకాళ్లతో నొక్కిపట్టింది. బాబాయ్ మళ్ళీ ప్రయత్నించాడు. తాళంచెవి కిందపడింది. ఇద్దరూ దానికేసి చూస్తూ కూర్చున్నారు.