పాత నల్లా ఇత్తడి

యుగంధర్ చేసిన బొమ్మ ఆవిరింజను మూరెడు పొడవుంటుంది. ఆయన పోయేనాటికి దానికి తక్కువైనవి బాయిలర్ పక్కన పట్టుకోవడానికి ఉండే చేతికమ్మీని నిలిపి ఉంచే రెండు గుబ్బలే, శనగగింజంతవి. వాటిని చేయించి ఒక్కసారైనా ఇంజన్ని నడిపించి చూడాలని, భార్య కల్పలత దాన్ని పద్మారావు నగర్‌లోని తాజుద్దీన్ లేత్ షాపుకు తీసుకువెళ్ళింది. యుగంధర్ ఆదివారాలు పని చేసుకున్నది ఆ లేత్ మీదే.

తాజుద్దీన్ ముందు బాయిలర్‌ను బకెట్ నీళ్ళలో ముంచి సైకిల్ పంపుతో గాలి కొట్టాడు. నీళ్ళు పోసే చోట బిగించిన ఇత్తడి బిరడాలోంచి సన్నటి బుడగలు వరసగా పైకి వచ్చాయి.

"మరలు మంచిగనే ఉన్నయ్ టీచరమ్మా. ఇత్తడిలనే సూదిబెజ్జం ఉన్నది. సార్ మీ ఇంటి పాత నల్లా కోసి చేసిండు గదా. పోతపోసిన ఇత్తడి గిట్లనే సతాయిస్తది. కడ్డీ తెచ్చుకో సార్ అంటే, కొత్త ఇత్తడి పెడితే ఇంజన్‌కు పొగరొస్తదని నవ్విండు."

కల్పలతకూ నవ్వు వచ్చింది. వంటింటి నల్లా మార్చిన రోజు పాతదాన్ని ఆయన పారేయనివ్వలేదు. ఆసుపత్రికి వెళ్ళే ముందు ఆఖరున చేసింది ఈ బిరడానే.

"ఏదైనా పూసి ఆపలేరా?"

"ఆవిరికి ఆగదమ్మా. కడ్డీ ముక్కతోని కొత్తది చేస్తా. గుబ్బలు సుత..." అని ఆగాడు. "సారైతే చెడిపోయిన పెద్దదాంట్లకెల్లి చిన్నది తీస్తుండె. దీని బెజ్జం ఒక అంచుకే ఉన్నది. మిగిలినదాంట్ల రెండు గుబ్బలు వస్తయ్. కానీ సార్ చేసింది ఉండదు. మీరు చెప్తేనే కోస్తా."

అతను విప్పి ఇచ్చిన బిరడా ఆమె అరచేతిలో ఉంది. దాని మీద ఉలి తిరిగిన గీతలు వేలికి తగులుతున్నాయి. ఇంటికి తీసుకువెళ్ళి దాచుకోవచ్చు. కానీ ఆయన ఏ వస్తువునూ ఊరికే దాచలేదు. ఎందుకో ఒకందుకు పనికొస్తుందనే దాచాడు.

"కొయ్యండి," అంది.

బిరడాలో బెజ్జం ఉన్న అంచు కోసేశాక మిగిలిన ముక్క ఒకటే. దాని మీదే పక్కపక్కన రెండు గుబ్బలూ తిప్పి, చివరికి విడదీసి, కమ్మీకి బిగించాడు తాజుద్దీన్. కొత్త బిరడా బిగించి మళ్ళీ ముంచితే ఒక్క బుడగ రాలేదు. స్పిరిట్ దీపం వెలిగించాక చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత చక్రం కొంచెం కదిలి, ఆగి, తిరగసాగింది.

నీళ్ళు అయిపోయాక అది ఆగింది.

తాజుద్దీన్ బల్ల మీది ఇత్తడి పొట్టును ఊడ్వబోతే కల్పలత దాని కింద కాగితం పట్టింది.

"గిది సుత ఇడువరా టీచరమ్మా?"

"పాత ఇత్తడి కొనేవాళ్ళు దీన్నీ కొంటారని ఆయన అనేవారు."

అతను బల్ల కిందినుంచి ఒక పాలపొడి డబ్బా తీశాడు. "సార్ పొట్టు దాచే డబ్బా. ఇంక సగం ఖాళీ ఉన్నది."

ఆమె కాగితాన్ని మడిచి, పొట్టును డబ్బాలో పోసింది.