మెట్ల మీద తదితరులు

“మళ్ళీ లేపుతావా వాళ్ళని?” అంది అత్త.

“లేపక తప్పదు అత్తయ్యా. ఈ పత్రికవాళ్ళకి అక్షరాల వరుస కావాలట.”

“పోయిన నెల నంబర్ల వరుస అన్నావు. అప్పుడూ కుర్చీలు నేనే జరిపాను.”

“అది వేరే పత్రిక. వాళ్ళు వద్దన్నారు కదా.”

“వద్దన్నవాళ్ళు బాగానే ఉన్నారు. నడుం పట్టేసింది నాకు.”

ఈ గొడవ ఆ ఇంట్లో ఇవాళ్టిది కాదు. కోడలు వ్యాసం రాసినప్పుడల్లా ఇంతే. తాగేనీళ్ళ గొట్టాల లోపల పేరుకునే పాచి మీద ఆమె పరిశోధన. వ్యాసం రాయడం ఒక ఎత్తు, దాని చివర పట్టిక పెట్టడం ఒక ఎత్తు. ఎవరి మాట వాడుకున్నా వాళ్ళ పేరు, ఏడు, పత్రిక, పేజీలు అన్నీ అందులో రాయాలి. కామా దగ్గర కామా, చుక్క దగ్గర చుక్క ఉండాలి. అలా సరిగ్గా రాసి చుక్క పెట్టగానే ఆ మనిషి వచ్చి ముందుగదిలో కూర్చుంటాడు. ఒక్క కామా తప్పితే గుమ్మం బయటే నిలబడి బెల్లు కొడుతూ ఉంటాడు. చదువుల వాళ్ళ ఇళ్ళల్లో ఇది మామూలే. ఎదురింటావిడ అడక్కుండానే నాలుగు కుర్చీలు పంపించేస్తుంది. అత్త కొడుకైతే ఇలాంటి రోజుల్లో కావాలని డ్యూటీలు ఎక్కువ వేయించుకుంటాడు.

ఎప్పుడో పోయినవాళ్ళు కూడా వస్తారు. వాళ్ళతో పేచీ లేదు, టీ అడగరు. బతికున్నవాళ్ళతోనే తల ప్రాణం తోకకొస్తుంది. పైగా ఒక వ్యాసాన్ని ఏడెనిమిది మంది రాస్తారు. పత్రికవాళ్ళేమో మూడు పేర్లే వేసి, మిగతావాళ్ళని ‘తదితరులు’ అనమంటారు. ఆ తదితరులు లోపలికి రాలేరు. మెట్ల మీద కూర్చుంటారు. ఎక్కువగా కుర్రవాళ్ళు. కోడలు టీ కాస్తే ముందు వాళ్ళకే పట్టుకెళ్తుంది.

“లోపలివాళ్ళకే పాలు చాలడం లేదు, మెట్ల మీద వాళ్ళకి కూడానా?” అనేది అత్త.

“పని చేసింది వాళ్ళే అత్తయ్యా.”

“చేస్తే పేరు ముందుండేది.”

ఆ రోజు సాయంత్రం ఐదింటికల్లా వ్యాసం వెళ్ళిపోవాలి. వెళ్తే కోడలి ఉద్యోగం ఇంకో మూడేళ్ళు ఉంటుంది. లేకపోతే వచ్చే నెల నుంచి ఇంట్లోనే. ఆమె పైఅధికారి పెద్దసారు నిధులకీ అదే గడువు. అందరినీ లేపి, వరుస మార్చి, కూర్చోబెట్టి ఊపిరి పీల్చుకునేసరికి పెద్దసారు ఫోన్ చేశాడు.

“అమ్మాయ్, నావి ఓ ఎనిమిది వ్యాసాలు కలుపు. ఏవి పెట్టాలో నీ ఇష్టం,” అన్నాడు. అంటూనే ఎనిమిదింటి పేర్లూ పంపించాడు.

ఒళ్ళు మండినా కోడలు ఒక్కొక్కటే ఎక్కించింది. ఒక్కో వ్యాసానికీ, అది రాసిననాటి వయసులో ఒక్కో పెద్దసారు వచ్చాడు. మొదటివాడికి నెత్తి నిండా జుట్టు. ఒకడు మీసంతో, ఒకడు పొట్టతో, చివరికొచ్చేసరికి బట్టతల. సోఫా అంతా వాళ్ళే. ఒకడు పంచదార వద్దంటాడు, ఇంకొకడు రెండు చెంచాలంటాడు.

“ఒక్క మనిషికి ఎనిమిది రకాల టీ. నా ఖర్మ,” అంటూ అత్త వంటింట్లోంచి వచ్చేసరికి కోడలు కుర్చీలోంచి లేచి గుమ్మం దాటి వెళ్ళిపోతోంది.

“ఎక్కడికే?”

“ఆ ఎనిమిదోదాంట్లో నా పేరు నాలుగోది అత్తయ్యా.”

నాలుగేళ్ళ కిందటి వ్యాసం అది. రెండేళ్ళపాటు వీధి వీధీ తిరిగి, గొట్టాలు కోయించి, సీసాల్లో పాచి పట్టుకొచ్చింది కోడలే. పేర్లు మాత్రం ముందు సారుది, తర్వాత సారు స్నేహితుడిది, ఆ తర్వాత సారు అల్లుడిది. నాలుగో పేరు కాబట్టి కోడలు వెళ్ళి మెట్ల మీద కూర్చుంది.

“లేచి రా, టైం మూడున్నర.”

“కాళ్ళు గడప దాటట్లేదు.”

అత్త చెయ్యి పట్టి లాగింది. మనిషి కదల్లేదు.

“పోనీ ఆ వ్యాసం తీసెయ్యమంటావా?”

“నా వ్యాసమంతా దాని మీదే నిలబెట్టాను. ఇలా అవుతుందనే పోయినసారి దాని పేరు రాయలేదు, అందుకే వాళ్ళు వద్దన్నారు. అది తీసేస్తే ఇంకేం మిగలదు.”

“అయితే ఏం నొక్కాలో చెప్పు, నేను నొక్కుతాను.”

అత్త కంప్యూటర్ ముందు కూర్చుని ఒక వేలితో నొక్కింది. ఎక్కడో కామా ఎగిరిపోయింది. ముగ్గురు పెద్దమనుషులు టీ కప్పులు కింద పెట్టి బయటికెళ్ళి బెల్లు కొట్టడం మొదలెట్టారు. అత్త మీట వదిలేసి ఫోన్ అందుకుంది.

“సారూ, మీవాళ్ళు ఎనిమిది మంది మా సోఫాలో ఉన్నారు. మా పిల్ల మెట్ల మీద ఉంది. వ్యాసం వెళ్ళదు. మీరే చూసుకోండి.”

నిధుల మాట గుర్తొచ్చి సారు పరిగెత్తుకొచ్చాడు. మెట్ల మీద ఎవరో “నమస్కారం సార్” అన్నారు. ఆయన గుర్తుపట్టలేదు. “జరగండి, జరగండి” అంటూ పైకొచ్చి కోడల్ని చూసి, “ఏంటమ్మాయ్, ఈ టైంలో ఇక్కడ కూర్చున్నావ్?” అన్నాడు.

“మీరు కూర్చోబెట్టిన చోటే సార్.”

అత్తకి అప్పటికే చిర్రెత్తిపోయి ఉంది. సోఫా చివర కూర్చున్న ఎనిమిదోవాడి ముందు నిలబడి, “అసలు ఆ గొట్టాల పని ఎవరు చేశారయ్యా?” అని అడిగింది.

అలా వచ్చినవాళ్ళు తమ వ్యాసంలో ఉన్నదే చెప్తారు, ఒక్క ముక్క ఎక్కువ చెప్పరు. ఎనిమిదోవాడు గొంతు సవరించుకుని, “నమూనాల సేకరణ, పరీక్షలు, రాత: నాలుగో రచయిత. సలహా: మొదటి రచయిత. రెండో, మూడో రచయితలు: చదివి సరే అన్నారు,” అన్నాడు.

పెద్దసారు తన మొహం తనే చూసుకుంటూ, “ఇది అచ్చులో ఉందా?” అన్నాడు.

“చివరి పేజీలో మీరే పెట్టించారు సార్,” అంది కోడలు మెట్ల మీంచి. “ఆ పత్రికకి రాసి పేర్ల వరుస మార్పించండి. మొదటి రచయిత అడిగితేనే మారుస్తారు.”

“వచ్చే నెల చూద్దాంలే. దానికి రుసుము కూడా ఉంటుంది.”

“సరే సార్. వచ్చే నెల దాకా ఇక్కడే కూర్చుంటాను. మీ నిధులు కూడా నాతోపాటే కూర్చుంటాయి.”

సారు గోడ గడియారం వంక చూశాడు. కోడలి కుర్చీలో కూలబడి, రెండు వేళ్ళతో ఉత్తరం కొట్టాడు. ఆమె పేరు ముందుకి, తన పేరు చివరికి. “చివర ఉండటం కూడా గౌరవమే. పెద్దవాళ్ళు చివరే ఉంటారు,” అని తనకి తనే చెప్పుకుంటూ కార్డు నంబరు రెండుసార్లు తప్పు కొట్టాడు. మూడోసారికి డబ్బు వెళ్ళింది. సరిచేశామని ఆ పత్రిక నుంచి జవాబూ, రసీదూ వచ్చాయి.

కోడలు గడప దాటి లోపలికొచ్చింది. “లేవండి సార్, నేను కూర్చోవాలి,” అంది. ఎగిరిపోయిన కామా పెట్టింది. బెల్లు ఆగింది. ఎనిమిదోదాన్ని కొత్త వరుసలో తిరగరాసి చుక్క పెట్టింది. సోఫాలోంచి ఎనిమిదోవాడు లేచాడు. అతని వెనకే అసలు సారు కాళ్ళు కూడా కదిలాయి. ఇద్దరూ గుమ్మం దాటి, మెట్ల మీద ఖాళీ చూసుకుని పక్కపక్కన కూర్చున్నారు.

ఐదుకి ఇంకా కొద్ది నిమిషాలుండగా వ్యాసం వెళ్ళిపోయింది.

“అమ్మా, కాస్త టీ,” అన్నాడు సారు బయట్నుంచి.

“మెట్ల మీద వాళ్ళందరికీ ఇచ్చాక చూస్తాను,” అని అత్త పళ్ళెంలో కప్పులు సర్దింది. సర్దుతూ కోడలివైపు తిరిగి, “ఇంతకీ ఎంత వదిలిందే ఆయనకి?” అంది.

కోడలు రసీదు చూసి చెప్పింది.

“పన్నెండు వేల ఏడు వందల నలభై.”