పదిహేనో కర్ర

కౌంటీ గోల్ఫ్ మైదానంలో డోలరెస్ నడిపే తిండి కౌంటరు పైన ఒక చెక్క పలక ఉంది. అరవై దాటిన మగవాళ్ళకి ఏటా సెప్టెంబరులో జరిగే పోటీలో గెలిచినవాడి పేరు దాని మీద బంగారు రంగుతో రాస్తారు. రెండో స్థానంలో వచ్చినవాడి పేరు ఎక్కడా రాయరు. మెర్ల్ సొబొట్టా ఆరుసార్లు రెండో స్థానంలో వచ్చాడు.

స్కూలు బస్సుల షెడ్డులో ముప్ఫై నాలుగేళ్ళు మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి. అరవై ఎనిమిదేళ్ళ వయసులో ఆ పలక మీద పేరు తప్ప అతనికి కావలసింది పెద్దగా ఏమీ లేదు. ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు. అనకపోయినా అందరికీ తెలుసు. ఎందుకంటే సాసేజీ తింటున్నంతసేపూ అతని చూపు ఆ పలక మీదే ఉంటుంది.

పలక మీద నాలుగు చోట్ల ఉన్న పేరు ఆరిన్ ట్వెట్‌ది. విత్తనాల వ్యాపారం చేసి మానేసినవాడు, మెర్ల్‌తో చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. నోరు మంచిది కాదు గానీ మనిషి మంచివాడే.

మెర్ల్ ఆటకి పట్టిన పీడ మూడో నంబరు ఉడ్ అనే గోల్ఫ్ కర్ర. పేరుకి ఉడ్ గానీ అందులో చెక్క పోయి చాలా కాలమైంది. పొడుగాటి కడ్డీ, దాని చివర పిడికిలంత లోహపు తల. గడ్డి మీద పడున్న బంతిని దూరంగా పంపడానికి వాడతారు. నంబరు పెరిగేకొద్దీ తల వాలు పెరుగుతుంది, బంతి ఎత్తుగా లేస్తుంది, కొట్టడం సులువవుతుంది. సులువు కాబట్టే ఆ మైదానంలో మగవాళ్ళు పెద్ద నంబర్ల జోలికి పోరు. మూడో నంబరు మగవాళ్ళది, ఏడో నంబరు ఆడవాళ్ళది అని ఎవరు తీర్పు చెప్పారో ఎవరికీ తెలియదు. మోకాలి చిప్పలు మార్పించుకున్నవాళ్ళు, గుండెలో స్ప్రింగులు వేయించుకున్నవాళ్ళు కూడా ఆ తీర్పుకి కట్టుబడి ఏళ్ళ తరబడి నేలని పొడుస్తున్నారు.

ఆటలో ఉన్న పద్దెనిమిది గుంటల్లో పదిహేడో దాని దగ్గర ఈ పౌరుషం బండారం బయటపడుతుంది. అక్కడ రెండో దెబ్బతో దాటాల్సిన వాగు ఒకటి ఉంటుంది, వాగు దాటగానే గ్రీన్, అంటే గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి. మెర్ల్ అక్కడ మూడో నంబరుతో కొడితే బంతి మోకాలి ఎత్తున ఈల వేసుకుంటూ వెళ్ళి వాగులో పడుతుంది. భయపడి, తల పలచగా రేకులా ఉండే నాలుగో నంబరు ఐరన్ తీస్తే వాగుకి ఇవతలే ఆగిపోయి ఒక దెబ్బ వృథా అవుతుంది. ఆరు రెండో స్థానాల్లో నాలుగు ఆ వాగు ఇచ్చినవే.

అతని భార్య లోరీన్ కూడా గోల్ఫ్ ఆడుతుంది. జూలైలో ఒక రోజు ఆమె వేరే బండిలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆమె కర్రల సంచీ మెర్ల్ తెచ్చిన కారులోనే ఉంది. ప్రాక్టీసు చేసుకునే చోట చుట్టూ ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని మెర్ల్ ఆమె ఏడో నంబరు ఉడ్ బయటికి తీశాడు. బంతి లేచింది. ఎత్తుగా, తిన్నగా, తొందర లేకుండా వెళ్ళి మెత్తగా దిగింది. ఇంకోటి కొట్టాడు. అదీ అంతే. ఇరవై కొట్టాక కర్ర తుడిచి, ఉన్నచోట పెట్టేసి, దొంగతనం చేసినవాడిలా ఇంటికి వెళ్ళాడు.

నాకు కూడా ఒకటి కొనిపెట్టు అని లోరీన్‌ని అడగొచ్చు, లేదా తనే వెళ్ళి కొనుక్కోవచ్చు. కొంటే సంచీలో కనబడుతుంది, కనబడితే ఆరిన్ చూస్తాడు, ఆరిన్ చూస్తే ఇక ఆ శీతాకాలమంతా ఊళ్ళో అదే కబురు. లోరీన్‌కి చెప్పడం అంతకన్నా కష్టం. పదేళ్ళుగా ఆమె చెబుతూనే ఉంది, ఆ మూడో నంబరు పారెయ్యమని. పదేళ్ళుగా అతను నవ్వి ఊరుకుంటున్నాడు.

పోటీకి ముందు శుక్రవారం సాయంత్రం గరాజులో తలుపేసుకుని పని కానిచ్చాడు. లోరీన్ ఏడో నంబరు తీశాడు. దాని కడ్డీకి ఊదా రంగు పట్టీ ఉంటే దాని మీద కరెంటు పనికి వాడే నల్ల టేపు చుట్టాడు. తన మూడో నంబరు తలకి తొడిగే ముసుగు, మూడు అని అంకె కుట్టినది, తీసి దీనికి తొడిగాడు. మూడో నంబరుకి ముసుగు లేకుండా సంచీలోనే ఉంచాడు, ఏ గుంటకైనా మొదటి దెబ్బ గడ్డి మీద కాకుండా పుల్ల మీద బంతి పెట్టి కొట్టడానికి పనికొస్తుందని. మనిషికి పద్నాలుగు కర్రలే అనుమతి. అందుకని నాలుగో నంబరు ఐరన్ బయటికి తీసి మంచు తోసే పార వెనక నిలబెట్టాడు. లెక్క పెట్టాడు, పద్నాలుగు. మంగళవారం ఆడవాళ్ళ ఆట, ఆలోగా ఏడో నంబరు తిరిగి లోరీన్ సంచీలో పెట్టేస్తే సరి.

శనివారం మెర్ల్, ఆరిన్ ఒకే జోడీగా బయల్దేరారు. మెర్ల్ ఎనిమిదో గుంట దగ్గర మొదటిసారి ముసుగు తీశాడు. కొట్టాడు, వెంటనే ముసుగు తొడిగేశాడు. బంతి గ్రీన్ అంచున దిగింది.

"ఒరేయ్, నీ మూడో నంబరు అంత ఎత్తుకి ఎప్పుడు నేర్చిందిరా? నిన్నటిదాకా కుందేళ్ళని కొట్టేది కదా!" అన్నాడు ఆరిన్.

"నడుం కొంచెం ఫ్రీ అయింది."

"అరవై ఎనిమిదేళ్ళకి ఫ్రీ అయ్యే నడుం ఎక్కడ దొరుకుతుందో నాక్కూడా చెప్పు. రేపే పోతా."

మెర్ల్ నవ్వి, మైదానంలో తిరగడానికి వాడే చిన్న బండి ఎక్కాడు. ఆ తరవాత రెండుసార్లు ఆ కర్ర తీశాడు, రెండుసార్లూ ఆరిన్ అటు తిరిగి ఉన్నప్పుడు.

పదిహేడు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ సమానంగా ఉన్నారు. ఆరిన్ తన మూడో నంబరు తీసి కాళ్ళు నాటి కొట్టాడు. బంతి వాగులో పడింది. బూతు ఒకటి తిట్టి, ఇంకోటి పెట్టి కొట్టాడు. అదీ వాగులోనే. మెర్ల్ వంతు వచ్చింది. ముసుగు తీశాడు. వాగు వైపు చూడలేదు. ఒంట్లో ఉన్న తొందరనంతా అణుచుకుని, లోరీన్ కొట్టినట్టే నెమ్మదిగా ఊపి, కర్రని తన పని తను చేసుకోనిచ్చాడు. బంతి మేపుల్ చెట్ల కొసల మీదుగా లేచింది, వాగు దాటింది, గుంటలో పాతిన జెండాకి నాలుగు అడుగుల దూరంలో దిగి ఆగిపోయింది.

ఆరిన్ తన కర్ర సంచీలో పడేశాడు. "బాగా కొట్టావురా," అన్నాడు. అతని నోట ఆ మాట వినడానికి మెర్ల్ ఎన్నేళ్ళు ఎదురుచూశాడో అతనికే తెలుసు. తీరా విన్నాక మొహం తిప్పుకుని కర్రకి ముసుగు తొడిగేశాడు.

పదిహేడు మెర్ల్ నాలుగు దెబ్బల్లో, ఆరిన్ వాగు జరిమానాలతో కలిపి ఏడు దెబ్బల్లో ముగించారు. పద్దెనిమిదో గుంట ఇద్దరూ అయిదేసి దెబ్బల్లో ముగించారు. మెర్ల్ మొత్తం ఎనభై రెండు, ఆరిన్ ఎనభై అయిదు. ఈ ఆటలో తక్కువ దెబ్బలు తిన్న బంతిదే గెలుపు. మిగతా జోడీలు ఎవరూ తొంభైకి ఇవతల లేరు. చేతులు కలుపుకున్నారు. ఆరిన్ బీరు చెప్పడానికి లోపలికి వెళ్ళాడు. మెర్ల్ ఇంకా సంతకం చెయ్యని లెక్క కార్డు చొక్కా జేబులో పెట్టుకుని, కర్రలు తుడుచుకోవడానికి కారు దగ్గరికి వచ్చాడు.

డోలరెస్ కౌంటరు దగ్గర ఇంతసేపూ ఎదురుచూస్తున్న లోరీన్ దాదాపు పరిగెత్తుకొచ్చింది. "గెలిచావటగా! డోలరెస్ అప్పుడే రంగు వేసే ఆయనకి ఫోన్ చేస్తానంటోంది. ఏమయ్యా, ఒక్క నవ్వైనా నవ్వు!"

"నవ్వుతున్నా."

"అది నవ్వా! నన్ను మెచ్చుకో ముందు. నీ నాలుగో ఐరన్ గరాజులో మర్చిపోయావు. మంచు పార వెనకాల నిలబడి ఉంది పాపం. ఐసు పెట్టె తీస్తుంటే కనబడింది. పొద్దున్న నువ్వు బూట్లు వేసుకుంటున్నప్పుడు నేనే నీ సంచీలో పెట్టా. అది లేకుండా ఏం ఆడేవాడివో!"

చెప్పేసి, నీకు జున్ను వేపుడు చెబుతానంటూ లోపలికి వెళ్ళిపోయింది. మెర్ల్ సంచీలోకి చూశాడు. ఐదో ఐరన్ పక్కన నాలుగోది బుద్ధిగా నిలబడి ఉంది. లెక్క పెట్టాడు. మళ్ళీ పెట్టాడు. మూడోసారి వేలితో ముట్టుకుంటూ పెట్టాడు. పదిహేను.

ఎక్కువ కర్ర వాడకపోయినా సరే, మొయ్యడమే తప్పు. గుంటకి రెండు దెబ్బలు జరిమానా, ఎన్ని గుంటలు ఆడినా మొత్తం నాలుగుకి మించదు. ఎనభై రెండు కాస్తా ఎనభై ఆరు. ఆరిన్ ఎనభై అయిదు.

కారు డిక్కీ మూడడుగుల దూరంలో ఉంది. ఈ ఆటలో అంపైరు ఉండడు. లోరీన్‌కి ఏడో నంబరు సంగతి తెలియదు కాబట్టి తను చేసిన పని ఏమిటో కూడా తెలియదు. మెర్ల్ నాలుగో ఐరన్ తీసి డిక్కీలో పెట్టి మూసేశాడు. రెండడుగులు వేసి ఆగాడు.

ఆగడానికి కారణం ఆరిన్. అయిదేళ్ళ కిందట పొదల్లో, ఎవరూ చూడని చోట, కర్ర తగిలి బంతి రవ్వంత కదిలిందని ఆరిన్ తనంతట తనే చెప్పుకుని ఒక దెబ్బ జరిమానా వేసుకున్నాడు. ఆ ఒక్క దెబ్బతో ఆ సంవత్సరం పలక మీద పేరు పోగొట్టుకున్నాడు. వాడు దొంగవెధవ అయ్యుంటే ఎంత బావుండేది అనుకున్నాడు మెర్ల్. ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా తువ్వాలుతో మొహం తుడుచుకుని, డిక్కీ తెరిచి ఐరన్ మళ్ళీ సంచీలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని లోపలికి నడిచాడు.

"పదిహేను కర్రలున్నాయి డోలరెస్," అన్నాడు కార్డు కౌంటరు మీద పెట్టి. "నాలుగు కలుపు."

డోలరెస్ ముక్కు మీద కళ్ళజోడు పైకి తోసుకుంది. "ఎగతాళికా?"

"కాదు. నాలుగో ఐరన్ ఎక్కువ. లెక్క పెట్టుకోలేదు, తప్పు నాది."

జున్ను వేపుడు పళ్ళెం పట్టుకుని వస్తున్న లోరీన్ అక్కడే నిలబడిపోయింది. ఏదో అనబోయింది. మెర్ల్ ఆమె వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

ఆరిన్ బీరు కింద పెట్టాడు. "నాలుగో ఐరన్ నీ సంచీలో పుట్టినప్పటి నుంచీ ఉందిగా. అది ఎక్కువ ఎలా అవుతుంది? కొత్తగా వచ్చిన కర్ర ఏంటి?"

చెప్పకపోయినా పోయేదేమీ లేదు. జరిమానా ఎలాగూ పడింది. కానీ మెర్ల్‌కి దాచే ఓపిక అయిపోయింది. మూడు అని కుట్టిన ముసుగు లాగేశాడు, నల్ల టేపు గోటితో గీరి చుట్టు విప్పేశాడు. ఊదా పట్టీ బయటపడింది. అడుగున ఏడు అంకె అందరికీ కనబడింది.

పక్క బల్ల మీద ఎవడో పకపకా నవ్వాడు. "లంగా కూడా వేసుకొచ్చావా మెర్లూ?" అన్నాడు ఇంకొకడు. గదంతా నవ్వులు. మెర్ల్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆరిన్ నవ్వలేదు. కర్ర చేతిలోకి తీసుకుని తల వాలు చూశాడు, బరువు చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు. "పదిహేడులో ఇదేనా?"

"ఇదే."

"ఎంత దూరం పోతుంది?"

"నూట అరవై గజాలు. దిగినచోటే ఆగుతుంది."

"నా బంతులు రెండు వాగులో ఉన్నాయిరా," అన్నాడు ఆరిన్. "ఒకసారి కొట్టి చూడనియ్యి."

"నన్నడగరేం?" అంది లోరీన్. "అది నా కర్ర." వచ్చి ఆరిన్ చేతిలోంచి తీసేసుకుంది. గదిలో నవ్వులు ఆగిపోయాయి.

డోలరెస్ రంగు వేసే ఆయనకి ఫోన్ చేసి ఆరిన్ పేరు చెప్పింది. అయిదోసారి.

ఇంటికి వెళ్ళేటప్పుడు లోరీన్ బండి నడిపింది. మొక్కజొన్న చేలు దాటారు.

"నేను పెట్టకపోతే గెలిచేవాడివి," అంది.

"నేను చెప్పుంటే నువ్వు పెట్టేదానివి కాదు."

"అడిగితే ఇవ్వనా నేను? అంత సిగ్గేంటి నీకు, నా దగ్గర?"

మెర్ల్ సిగ్గుపడ్డాడు, అంతే. ఇప్పుడు ఆ సిగ్గుకి సిగ్గుపడుతున్నాడు. పలక మీద పేరు లేనందుకు లోపల ఇంకా నొప్పిగానే ఉంది, అది ఆ రోజుతో పోయేది కాదు.

రైలు గేటు దగ్గర బండి ఆపి, లోరీన్ అద్దంలోంచి రోడ్డు చూస్తూనే అడిగింది. "పదిహేడులో ఎలా పోయింది?"

పొద్దుటి నుంచీ ఆ దెబ్బ గురించి అతను ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే కర్ర సంగతి చెప్పాల్సి వచ్చేది. కుర్చీలో కాస్త ఇటు తిరిగి కూర్చున్నాడు.

"వాగు వైపు చూడలేదు నేను," అని మొదలుపెట్టాడు. "నువ్వు కొట్టినట్టే కొట్టాను, నెమ్మదిగా. చెట్ల మీదకి లేచింది లోరీన్. పైన కాసేపు ఆగినట్టు కూడా అనిపించింది."

"అవును," అంది లోరీన్. "అక్కడ ఆగుతుంది అది."

గేటు లేచింది. వెనకవాడు హారను కొట్టాడు. ఆమె బండి కదిలించలేదు. "ఊఁ, తరవాత?" అంది.