అతుకుతో సహా

“రాధాకృష్ణ గారి పక్కటెముకలు విరగ్గొట్టింది ఆయన డ్రైవింగ్ కాదు లక్ష్మీపతి గారూ, మీరు! మీరూ, మీ కక్కుర్తీ, మీ పోత ఇనుమూ!”

దమయంతి అరుపు పార్కింగ్ లాట్ ఈ కొస నుంచి ఆ కొసకు వినబడింది. రెండువేల తొమ్మిది, జూలై నాలుగు, అమెరికా స్వాతంత్ర్య దినం. పొద్దున్నే టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో తారు సెగలు కక్కుతోంది. ఊరేగింపుకి వచ్చిన పాత స్టూడ్‌బేకర్ కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. అన్నీ యాభయ్యేళ్లు దాటిన బండ్లే. బానెట్ల మీద జెండాలు, అద్దాలకు రిబ్బన్లు. పిల్లలు ఏ కారెక్కాలో తేలక దీని దగ్గర్నుంచి దానికి పరుగులు తీస్తున్నారు. ఇంకాసేపట్లో ఆ పిల్లల్ని కూర్చోబెట్టుకుని బండ్లన్నీ రోడ్డెక్కుతాయి.

లక్ష్మీపతి చేతిలో మైకుంది. గుమ్మడికాయల దొంగ అనగానే భుజాలు తడుముకునే అమాయకుడు కాడాయన. గుమ్మడికాయను భుజాన పెట్టుకునే, “ఎవరిదో పాపం” అని వాకబు చేయగల మనిషి.

“ఏంటమ్మా దమయంతీ, పండగ పూట? పరేడ్ అయ్యాక మాట్లాడుకుందాం. టిఫిన్ చేశావా?”

“టిఫిన్ సంగతి విజయశ్రీ గారిని అడగండి. హాస్పిటల్లో మొగుడి మంచం పక్కన కూర్చునుంది.”

అక్కడున్న తెలుగు మగవాళ్లంతా ఒక్కసారిగా తమ బూట్ల లేసులు పరిశీలించడం మొదలుపెట్టారు.

ఎందుకు పరిశీలించరు? లక్ష్మీపతికి ఆ ఊళ్లోనే లాస్ కొలీనాస్‌లో సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీ ఉంది. వాళ్లలో సగం మంది వీసాలు ఆయన కంపెనీ పేరు మీదే నడుస్తున్నాయి. దమయంతి భర్త శ్యామ్‌సుందర్‌దీ అంతే. గ్రీన్‌కార్డ్ ఫైలు ఏళ్ల తరబడి ఆయన ఆఫీసులోనే మగ్గుతోంది. పాత కార్లు ఆయన సరదా. ఆ సరదా కాస్తా వ్యాపారమైంది. ఎప్పుడో మూతపడ్డ కంపెనీ కార్లకి భాగాలు ఎక్కడ దొరుకుతాయి? దొరకని వస్తువును చేయించి పెట్టేవాడు ఆ కార్ల పిచ్చోళ్లకి దేవుడు. ఒక చేత్తో వీసా, ఇంకో చేత్తో విడి భాగం పట్టుకున్న దేవుడి ముందు నోరెత్తేదెవడు?

దమయంతి ఎత్తింది. ఆమెది బెజవాడ. తండ్రికి ఆటోనగర్లో పాత లారీ సామాన్ల కొట్టు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివింది. డిపెండెంట్ వీసా మీద వచ్చింది కాబట్టి ఇక్కడ ఉద్యోగం చేయకూడదు. చదువుకున్న చేతుల్ని అప్పడాలు వేయించుకోమని ఇంట్లో కూర్చోబెట్టిందీ దేశం. శ్యామ్‌సుందర్ మోజుపడి ఒక తుప్పు పట్టిన స్టూడ్‌బేకర్ కొని, మోజు తీరి గరాజ్‌లో పడేస్తే, దాని కిందకి దూరింది దమయంతే. వైపర్ మోటార్ కోసం వేకో దాకా పోయింది. తలుపు గొళ్లెం కోసం ఓక్లహోమాలో పాములు తిరిగే గడ్డిలో తుక్కు కార్లు వెతికింది. దొరకని రబ్బరు ముక్కల్ని కొలిచి, బొమ్మ గీసి, కోసి అమర్చింది. కొలవకుండా ఏదీ చేయలేదు.

ఆ కారుకి ఒక అవిటితనం ఉండేది. స్టీరింగ్ తిప్పితే ఆ తిప్పుడును చక్రాల దాకా చేరవేసే ఉక్కు చేయి ఒకటుంటుంది. జానెడు కూడా ఉండదు. పిట్‌మన్ ఆర్మ్ అంటారు. అది విరిగిందా, స్టీరింగ్ నీ చేతిలోనే ఉంటుంది, కారు మాత్రం దాని ఇష్టం వచ్చిన చోటికి పోతుంది. దమయంతి కారులో ఆ చేయి ఎప్పుడో పగిలితే ఎవడో వెల్డింగ్ పెట్టాడు. గొంగళిపురుగు పాకినట్టు ఉబ్బెత్తు అతుకు. పక్కనే సుత్తి జారి పడ్డ చోట చంద్రవంకలా ఒక నొక్కు. దమయంతి దాన్ని విప్పేసి, లబ్బక్ వైపు ఒక తుక్కు యార్డులో దొరికిన మంచి చేయి బిగించుకుంది. విప్పిన దాన్ని నమూనాకి ఇమ్మని లక్ష్మీపతి ఇంటికొచ్చి మరీ అడిగాడు. శ్యామ్‌సుందరే కాగితంలో చుట్టి ఇచ్చాడు.

“ఇది అతుకు పడిందండీ. కొలతలకి మాత్రమే వాడండి. దీన్ని అచ్చుగా పెట్టి పోత పోయిస్తే పోయేది ప్రాణాలు,” అంది దమయంతి అప్పుడే, గుమ్మంలోనే.

“నాకు తెలీదా అమ్మా,” అన్నాడు లక్ష్మీపతి. పని కాగానే దాన్ని తిరిగి పంపించాడు, పైగా మిఠాయి డబ్బాతో.

కిందటి వారం రాధాకృష్ణ కారు సర్వీస్ రోడ్డు దిగిపోయి వంతెన స్తంభాన్ని కొట్టింది. ఊరంతా ఒకటే మాట. పాత డబ్బా, పైగా ఆయనకి చూపు తక్కువ. విజయశ్రీ అడిగిందని కారులో ఉండిపోయిన ఆయన మందులూ కళ్లజోడూ తేవడానికి దమయంతి, గుద్దుకున్న కార్లను లాక్కెళ్లి పడేసే టో యార్డుకి వెళ్లింది. వెళ్లినామె ఊరికే ఉంటుందా, కిందకి దూరింది. స్టీరింగ్ చేయి రెండు ముక్కలై వేలాడుతోంది. బొటనవేలితో గ్రీజు తుడిచింది. గొంగళిపురుగు. పక్కనే చంద్రవంక.

తన కారు మచ్చ వేరేవాళ్ల కారు మీదికి ఎలా వస్తుంది? ఒకటే దారి. ఉక్కును ఎర్రగా కాల్చి మోది చేయించాల్సిన వస్తువును ఈ పెద్దమనిషి ఇసుకలో అద్ది, ఇనుము పోయించాడు. కొలత లేదు, బొమ్మ లేదు, పరీక్ష లేదు. పగులు, అతుకు, సుత్తి దెబ్బ, అన్నీ దింపేశాడు. చల్లారితే ఇనుము కుంచించుకుపోతుందన్న స్పృహ కూడా లేదు, నకలు అసలు కన్నా పొట్టిదైంది. దాని మీద నల్లరంగు కొట్టి, డబ్బాలో పెట్టి, ‘అచ్చం ఒరిజినల్’ అని అమ్మాడు.

అక్కడి నుంచే ఫోన్ చేసింది దమయంతి. ఆయన విన్నాడు. అంతా విన్నాడు. “పరేడ్ కానీయమ్మా, చూద్దాం,” అన్నాడు.

విన్నారా? తెలియక చేసినవాడిని తిట్టి వదిలేయొచ్చు. ఇతనికి తెలుసు. తెలిసీ ఈ పొద్దున మైకు పట్టుకుని, పిల్లల్ని కార్లెక్కమని పిలుస్తున్నాడు.

దమయంతి ఆయన అమ్మకాల బల్ల దగ్గరికి నడిచింది. డబ్బా చించి కొత్త చేయి ఒకటి బయటికి తీసింది. తన సంచిలోంచి పాత చేయి తీసి దాని పక్కన పెట్టింది.

“రండి, చూడండి! బూట్లు తర్వాత చూసుకోవచ్చు.”

తెలుగువాళ్లు కదల్లేదు. ఎర్ల్ వచ్చాడు. స్కూలు బస్సు నడిపి రిటైరైన టెక్సాస్ ముసలాయన, లక్ష్మీపతి దగ్గర సామాను కొనేవాళ్లలో ఒకడు. ఆయన మనవరాలు అప్పటికే వెనక సీట్లో కూర్చుని జెండా ఊపుతోంది. దమయంతి గొంగళిపురుగునూ చంద్రవంకనూ చూపిస్తూ ఇంగ్లీషులో చెప్పుకుపోయింది. ఎర్ల్ బల్ల మీది రెండు స్టీరింగ్ చేతుల్నీ మార్చి మార్చి చూశాడు. అతుకు మీద అతుకు, నొక్కు మీద నొక్కు.

“అది డిజైన్ అనుకున్నానమ్మా, బలానికి పెట్టారేమో అని,” అన్నాడు ఎర్ల్.

“బలమా?” దమయంతి కొత్త చేయిని సిమెంటు గట్టు మీద పెట్టి, సంచిలోంచి తీసిన సుత్తితో ఒక్కటేసింది. అది బెల్లం గడ్డలా పుటుక్కున విరిగింది. లోపలంతా బూడిదరంగు రవ్వ.

“అంత గట్టిగా మోదితే ఏదైనా విరుగుద్ది,” నవ్వాడు లక్ష్మీపతి. “ఇండియాలో లారీ షెడ్డు అనుకున్నావా?”

“ఆటోనగర్లో దొంగ సామాను అమ్మినోణ్ణి నలుగురూ ఉతికేవాళ్లు సార్. ఇక్కడ స్పాన్సర్ అని దండేస్తున్నారు.”

ఎర్ల్ ఆమె చేతిలోంచి సుత్తి తీసుకున్నాడు. పాత చేయిని, అతుకు పడ్డదాన్నే, గట్టు మీద పెట్టి బలంకొద్దీ బాదాడు. ఎగిరి పడింది. మళ్లీ బాదాడు. మళ్లీ ఎగిరింది గానీ విరగలేదు. ఆయన సుత్తి కింద పెట్టి తన కారు దగ్గరికి వెళ్లాడు. మనవరాలిని ఎత్తి దింపి, పండగ చొక్కాతోనే కారు కిందకి జారాడు.

“ఇక్కడా ఉంది పురుగు!” కింద నుంచి అరిచాడు.

అంతే. అమెరికన్లు ఒక్కొక్కరూ వంగుతున్నారు, పడుకుంటున్నారు, పిల్లల్ని దింపుతున్నారు. లక్ష్మీపతి మైకు పక్కన పెట్టి శ్యామ్‌సుందర్ దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించాడు. బెదిరించే పెద్దమనుషులు ఎప్పుడూ గొంతు తగ్గించే మాట్లాడతారు.

“శ్యామ్, సోమవారం నీ ఫైల్ మీద లాయర్‌తో కాల్ పెట్టుకున్నా. గుర్తుందిగా? ఆవిడకి హెల్త్ బాగోలేనట్టుంది, ఇంటికి తీసుకెళ్లు.”

శ్యామ్‌సుందర్ మొహాన చెమట కారిపోతోంది. భార్య మోచేయి పట్టుకున్నాడు.

“దమయంతీ, పోదాం పద. ప్లీజ్. చెప్పాల్సింది చెప్పేశావ్‌గా.”

“చేయి తీయ్ శ్యామ్.”

“ఇల్లు, బాబు స్కూలు, అన్నీ ఆలోచించు కాస్త.”

“నువ్వూ ఆలోచించు. నిన్న ఈయన కారెక్కించమన్న పిల్లల్లో మన బాబు పేరు కూడా ఉంది. ఎర్ల్ కార్లో. నువ్వే ఓకే చెప్పావ్.”

శ్యామ్‌సుందర్ ఎర్ల్ కారు వైపు చూశాడు. దాని కింద నుంచి ముసలాయన బూట్లు బయటికి పొడుచుకుని ఉన్నాయి. పక్కన ఆ మనవరాలు, ఆ పిల్ల పక్కన జెండా పట్టుకుని తన కొడుకు. శ్యామ్‌సుందర్ వీరుడేం కాదు. బాస్ జోకు వేయకముందే నవ్వే మనిషి. అయినా మోచేయి వదిలేశాడు. అందరికీ వినబడేలా ఇంగ్లీషులో అన్నాడు:

“సర్, ఆ ఆర్మ్ మీకు ప్యాక్ చేసి ఇచ్చింది నేను. అతుకుంది, అచ్చు తీయొద్దని తను మీకు చెప్పినప్పుడు పక్కనే ఉన్నా. మీరు తెలుసన్నారు. ఎవరడిగినా ఇదే చెప్తాను.”

“అయితే ఇంటికెళ్లి సూట్‌కేసులు సర్దుకో,” అన్నాడు లక్ష్మీపతి తెలుగులో. మొదటిసారి నవ్వకుండా అన్నాడు.

“సర్దుకుంటాం!” దమయంతి ఆయన ఎదుటికొచ్చి నిలబడింది. “పంపించెయ్యండి. కానీ ఈ లాట్ దాటి ఒక్క బండి కదలదు.” బూట్లు చూసుకుంటున్న వాళ్ల వైపు తిరిగింది. “మీలో ఈ కార్లున్నవాళ్లు లేరూ? రేపు మీ పిల్లల ఎముకలు విరిగితే కూడా సార్ సంతకం కోసం ఆగుతారా? పడుకోండి, మీ కార్ల కింద చూసుకోండి!”

ఒకడు కదిలాడు. తర్వాత ఇంకొకడు. ఇస్త్రీ కుర్తాలు తారు మీద పరుచుకున్నాయి. మిగతావాళ్లు అలాగే నిలబడ్డారు, సిగ్గులేకుండా.

“ఇప్పుడేమంటావ్? అందరి ముందూ నా పరువు తీశావ్, చాలదా?” అన్నాడు లక్ష్మీపతి.

“మీ పరువు ఎవడికి కావాలి? ఫోన్ బయటికి తీయండి. ఈ చేయి ఏయే రాష్ట్రాల్లో ఎవరెవరికి పంపారో ఒక్కొక్కరికీ ఇక్కడే, మా ముందే, స్పీకర్ పెట్టి ఫోన్ చేయండి. సారీలు తర్వాత. ముందు ‘కారు ఆపు, ఎక్కడున్నావో అక్కడే ఆపు, ఆ చేయి విప్పేదాకా ఎక్కొద్దు’ అని చెప్పండి. మిగిలిన డబ్బాలు ఈ గట్టు మీద పెట్టండి, ఎర్ల్ పగలగొడతాడు. ఇసుకలో ఆ అచ్చుంటే చెరిపేయమని పోత పోసిన ఫౌండ్రీకి చెప్పండి. పరేడ్ అయ్యాక కాదు. సోమవారం కాదు. తీయండి ఫోన్, ఇప్పుడే!”